గోపాల్‌పూర్ నుంచి అండమాన్‌కు: ముందు తీరం వెంటా, నేరుగా నడిసంద్రంలోకా?

బరంపురం, గోపాల్‌పూర్ వైపు మన తెలుగు కుర్రాళ్ళలో తెరచాప పడవ మీద పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) దాకా పోవాలన్న కోరిక ఉన్నవాళ్ళు ముందుగా తేల్చుకోవాల్సింది ఇది: రేవు నుంచి రేవుకు తీరం వెంట తిరిగి చేయి కుదుర్చుకోవాలా, మొదటి నుంచే ఒడ్డు కనపడని నీళ్ళకు అలవాటు పడాలా?

తీరం దగ్గరుంటే భద్రమని చాలామంది నమ్మకం. మన తీరంలో అది నిజం కాదు. పడమటి తీరాన కొంకణంలో పొద్దున బయల్దేరితే సాయంత్రానికి జైగఢ్ లాంటి ఏటిమొగలో లంగరు వేయొచ్చు. ఇక్కడ బారువ, కళింగపట్నం, భీమిలి పేరుకు పాత రేవులే గానీ, ఒడ్డున కెరటాలు విరిగే చోట్లు. అడుగున నీళ్ళలోకి దిగే బరువైన రెక్క (కీల్) ఉన్న పడవ అక్కడ నిలవదు. ఏటిమొగల్లో ఇసుక మేటలు చోటు మారుతూ ఉంటాయి. గోపాల్‌పూర్ దాటాక గట్టిగా నమ్ముకోదగ్గ రేవు విశాఖే, సుమారు 130 నాటికల్ మైళ్ళు. గంటకు 5 మైళ్ళ చొప్పున 26 గంటలు. ఒక రాత్రి ఎలాగూ నీళ్ళ మీదే గడుస్తుంది. గాలి తూర్పు నుంచి వీచి ఒడ్డుకేసి తోస్తే తలదాచుకునే చోటుండదు. పైగా చీకట్లో దీపం లేని ఫైబర్ పడవలు, వలలు. మన నోళియా జాలరి పెద్దల్ని అడగండి, ఒడ్డు దగ్గరి కెరటం ఎంత చెడ్డదో వాళ్ళే చెబుతారు.

అయినా నేను ముందు తీరమే మేలంటాను. కారుతున్న కిటికీ, ఒరుసుకుపోతున్న తాడు, కుదరని చుక్కాని మొదటి రాత్రికే బయటపడతాయి, విశాఖలో బాగుచేయించుకోవచ్చు. పెద్ద ఓడల మధ్య రేవులోకి రావడం, వీహెచ్‌ఎఫ్ రేడియోలో పోర్టువాళ్ళతో మాట్లాడడం, లంగరు జారుతోందా అని కనిపెట్టడం నడిసంద్రంలో నేర్చుకునేవి కావు. నేవీ తెరచాప పడవ ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద 254 రోజుల్లో భూమిని చుట్టొచ్చిన ఆరుగురు నేవీ అధికారిణులూ 2016లో ముందు ఐఎన్‌ఎస్‌వీ మాదేయి అనే ఇంకో పడవను విశాఖ నుంచి గోవాకు నడిపారు, తర్వాతే మారిషస్, కేప్‌టౌన్. వారిలో పి. స్వాతిది విశాఖే.

కానీ ఒక రాత్రి నేర్పనిది మూడో రోజు నేర్పుతుంది. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ దాదాపు 650 మైళ్ళు, అయిదున్నర రోజులు, మధ్యలో ఆగే చోటు లేదు, ఫోను పలకదు. వంతులవారీ కాపలా, అరకొర నిద్ర, కొలిచి తాగే నీళ్ళు. అందుకే విశాఖ చేరాక నేరుగా 70 మైళ్ళు లోపలికి పోయి, అక్కడే అటూ ఇటూ తిరిగి మూడో రోజు దాటాక అదే రేవుకు రావాలి. వాంతులు తగ్గని మనిషి ఎవరో, చీకట్లో తెరచాప కుదించలేనిది ఎవరో అప్పుడే తెలుస్తుంది. ఇది మానేసి బయల్దేరడం నాకు సమ్మతం కాదు.

కాలం జనవరి, ఫిబ్రవరి. అక్టోబరులో వద్దేవద్దు; 2013 ఫైలిన్, 2018 తిత్లీ తుపాన్లు ఈ తీరం మీదికే వచ్చాయి. ఈశాన్య గాలి విశాఖ దాకా వెనక నుంచి తోస్తుంది, అండమాన్ దారిలో పక్క నుంచి వీస్తుంది. విశాఖ నుంచి ఇంటికి తిరుగు దారిలో అదే గాలి ఎదురు. అందుకని ఆ దారిన గోపాల్‌పూర్‌కు మార్చిలో రండి. అప్పటికి తీరం వెంట నీటి వాలు (ప్రవాహం) ఉత్తరానికి తిరిగి ఉంటుంది. బయల్దేరే ముందు కోస్ట్‌గార్డ్ నంబరు 1554 అందరి ఫోన్లలో ఉండాలి, ఇంట్లో వాళ్ళ ఫోన్లలో కూడా.