కౌంటీ బడ్జెట్‌లో మిగిలిన డాలరు: జీతంలో కలపడం మేలా, పింఛనులో వేయడం మేలా?

టెక్సస్‌లో 254 కౌంటీలు, అంటే మన జిల్లాల వంటి స్థానిక పాలనా విభాగాలు, ఉన్నాయి. ఏటా వేసవిలో వాటి కమిషనర్స్ కోర్టులు బడ్జెట్‌కు కూర్చున్నప్పుడు ఉద్యోగుల విషయంలో తిరిగి తిరిగి ఒకే ప్రశ్న ముందుకు వస్తుంది: ఖర్చులన్నీ పోగా మిగిలిన కొద్ది సొమ్మును జీతాల పెంపుకు వాడాలా, పింఛనులో కౌంటీ వాటాను పెంచడానికి వాడాలా? కోర్టు అనే పేరున్నప్పటికీ ఇది ప్రధానంగా పాలకమండలి. కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు ఇందులో సభ్యులు. డాలస్‌కు ఉత్తరాన ఉన్న కాలిన్, డెంటన్ కౌంటీలలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి కనుక, కొందరు ఉద్యోగులుగా, చాలామంది ఆస్తి పన్ను కట్టేవారుగా మనకు కూడా ఈ ప్రశ్నతో నేరుగా సంబంధం ఉంది.

సొమ్ము కొద్దిగానే మిగలడానికి చట్టపరమైన కారణం ఒకటి ఉంది. 2019లో టెక్సస్ శాసనసభ ఆమోదించిన సెనేట్ బిల్లు 2 ప్రకారం, పాత ఆస్తులపై రోజువారీ నిర్వహణ కోసం వసూలు చేసే పన్ను ఆదాయాన్ని కౌంటీ ఏడాదికి 3.5 శాతానికి మించి పెంచుకోవాలంటే ఓటర్ల అనుమతి తీసుకోవాలి. అంతకు ముందు ఆ పరిమితి 8 శాతం ఉండేది. ఇక ఉద్యోగ సంఘం తరఫున బేరమాడే మార్గం కూడా అక్కడ దాదాపు లేదు, ఎందుకంటే ఎన్నికల ద్వారా ప్రత్యేక అనుమతి పొందిన పోలీసు, అగ్నిమాపక సిబ్బందిని మినహాయిస్తే ప్రభుత్వోద్యోగుల తరఫున సామూహిక ఒప్పందాలు కుదుర్చుకోవడాన్ని రాష్ట్ర చట్టం నిషేధిస్తుంది. అందువల్ల ఏ పద్ధతి ఎవరికి మేలు చేస్తుందో ఉద్యోగులే లెక్క వేసుకుని, బడ్జెట్‌పై జరిగే బహిరంగ విచారణలో చెప్పుకోవాలి.

ముందుగా జీతాన్నే తీసుకుందాం, ఎందుకంటే జీతం పెంపు అనే ఒక్క మాట వెనుక రెండు మూడు వేర్వేరు పద్ధతులు ఉన్నాయి. ఒక కార్యాలయంలో నలుగురు ఉన్నారనుకుందాం: 38,000 డాలర్లు తీసుకునే గుమాస్తా, 52,000 తీసుకునే జైలు అధికారి, 70,000 తీసుకునే ఆడిటర్, 120,000 తీసుకునే ఇంజనీరు. అందరికీ 3 శాతం పెంచితే కౌంటీకి 8,400 డాలర్లు ఖర్చవుతుంది; అందులో గుమాస్తాకు 1,140, ఇంజనీరుకు 3,600 దక్కుతాయి. అదే 8,400ను తలా 2,100 చొప్పున సమానంగా పంచితే గుమాస్తా జీతం అయిదున్నర శాతం పెరుగుతుంది, ఇంజనీరుది రెండు శాతం కూడా పెరగదు. కిరాణా దుకాణంలో గుడ్ల ధర, అద్దె ఇంటి మీద పెరిగిన అద్దె జీతాన్ని బట్టి మారవు కనుక సమానంగా పంచడమే న్యాయమని మొదటి చూపులో అనిపిస్తుంది. కాని దాన్ని వరుసగా నాలుగైదు ఏళ్ళు పాటిస్తే పై స్థాయికీ కింది స్థాయికీ మధ్య ఉన్న అంతరం కుంచించుకుపోయి, పర్యవేక్షకుడి బాధ్యత తీసుకోవడానికి అనుభవజ్ఞులు వెనకాడతారు, ఇంజనీర్లు పక్కనున్న నగరపాలక సంస్థలకు వెళ్ళిపోతారు.

నాకు ఈ రెండింటికన్నా మూడో పద్ధతి నచ్చుతుంది: 2.5 శాతం లేదా 1,800 డాలర్లు, ఏది ఎక్కువైతే అది. పై నలుగురికీ దీన్ని వర్తింపజేస్తే మొదటి ముగ్గురికీ 1,800 చొప్పున, ఇంజనీరుకు 3,000 వస్తాయి, మొత్తం ఖర్చు సరిగ్గా అదే 8,400. గుమాస్తాకు 3 శాతం పద్ధతిలో వచ్చేదానికన్నా 660 డాలర్లు అదనంగా అందుతాయి, ఇంజనీరు వదులుకునేది 600, ఆడిటర్ వదులుకునేది 300. అడుగున ఉన్నవారికి నిలబడే శక్తి వస్తుంది, పైవారి జీతపు మెట్లు కూడా కూలిపోవు.

జీతం పెంచకుండా ఒక్కసారి బోనస్ ఇచ్చి సరిపెట్టుకోవచ్చు కదా అని అడిగేవారు ఉంటారు. బోనస్ మూల జీతంలో కలవదు కనుక మరుసటి ఏడాది ఉద్యోగి మళ్ళీ పాత మెట్టు మీదే నిలబడతాడు. పైగా, చేసిన పనికి చేసిన తరువాత అదనపు ప్రతిఫలం ఇచ్చే అధికారం కౌంటీలకు లేకుండా టెక్సస్ రాజ్యాంగం మూడో అధికరణం 53వ సెక్షన్ అడ్డుకుంటుంది. బోనస్ ఇవ్వదలిస్తే పనికి ముందే నిర్ణయించాలి.

ఇక పింఛను. టెక్సస్‌లోని అత్యధిక కౌంటీలు టెక్సస్ కౌంటీ అండ్ డిస్ట్రిక్ట్ రిటైర్‌మెంట్ సిస్టమ్‌లో, క్లుప్తంగా టీసీడీఆర్‌ఎస్‌లో సభ్యులు. ఇది 1967లో ఏర్పడింది. ఉద్యోగి జీతంలో 4 నుంచి 7 శాతం వరకు ప్రతి నెలా తప్పనిసరిగా జమ అవుతుంది. ఎంత శాతమన్నది ఉద్యోగి ఎంచుకునేది కాదు, కౌంటీ అందరికీ కలిపి నిర్ణయించేది. ఆ జమ మీద చట్ట ప్రకారం ఏటా 7 శాతం వడ్డీ చేరుతుంది. పదవీ విరమణ నాటికి ఉద్యోగి ఖాతాలో ఎంత ఉందో దానికి కౌంటీ తన వాటాగా 100 శాతం నుంచి 250 శాతం వరకు మ్యాచింగ్ కలిపి, ఆ మొత్తాన్ని జీవితాంతం నెలనెలా వచ్చే పింఛనుగా మారుస్తారు. మ్యాచింగ్ ఎంత ఉండాలో ఏటా సమీక్షించుకునే అధికారం కమిషనర్స్ కోర్టుదే.

మన తెలుగు రాష్ట్రాల ఉద్యోగుల భాషలో చెప్పాలంటే ఇది పాత పింఛనుకూ సీపీఎస్‌కూ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్‌కూ) నడుమ నిలిచే ఏర్పాటు. పాత పింఛనులో చివరి మూల వేతనాన్ని బట్టి పింఛను తేలుతుంది. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారికి ఆంధ్రప్రదేశ్‌లో వర్తింపజేసిన సీపీఎస్‌లో మార్కెట్ ఎటు పోతే ఖాతా అటు పోతుంది. టీసీడీఆర్‌ఎస్‌లో ఖాతా అనేది ఉన్నా, మార్కెట్ పడిపోతే ఆ లోటును భరించేది కౌంటీయే తప్ప ఉద్యోగి కాదు. ఈ ఒక్క లక్షణం వల్లనే దీన్ని తేలిగ్గా తీసుకోకూడదని కౌంటీ ఉద్యోగంలో చేరే మనవారికి చెబుతుంటాను.

ఇప్పుడు తూచి చూద్దాం. 50,000 డాలర్ల జీతం మీద 7 శాతం అంటే ఏడాదికి 3,500 డాలర్ల జమ. ఒక ఏడాది జమ చేసిన ఆ 3,500 ఇరవై ఏళ్ళలో 7 శాతం చక్రవడ్డీతో సుమారు 13,500 అవుతుంది. మ్యాచింగ్ 200 శాతం ఉంటే కౌంటీ దానికి మరో 27,000 కలుపుతుంది. 225 శాతం ఉంటే 30,000 పైచిలుకు కలుపుతుంది. అంటే మ్యాచింగ్ పాతిక శాతం పెరిగితే ఆ ఒక్క ఏడాది జమ మీదనే దాదాపు 3,400 డాలర్ల తేడా వస్తుంది. కౌంటీ వైపు నుంచి చూస్తే దీని ఖర్చు స్థూలంగా ఉద్యోగి జమలో నాలుగో వంతు, అంటే జీతంలో 1.75 శాతం, అసలు ఖర్చు అంతకన్నా తక్కువగా తేలుతుంది. చాలామంది అధికారులు పింఛను వైపు మొగ్గడానికి ఇదే కారణం.

అయితే ఆ చౌకదనం ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. ఉద్యోగం మానేసి ఖాతా సొమ్మును వెనక్కి తీసుకునే వ్యక్తికి తన జమ, దాని మీది వడ్డీ మాత్రమే దక్కుతాయి. మ్యాచింగ్‌లో ఒక్క డాలరు కూడా రాదు. కౌంటీని బట్టి 5, 8 లేదా 10 ఏళ్ళ సర్వీసు నిండితేనే పింఛను హక్కు ఏర్పడుతుంది. జైలు అధికారులు, అత్యవసర ఫోన్లు అందుకునే సిబ్బంది, గుమాస్తాలు ఎక్కువగా మారిపోయే ఉద్యోగాలలో ఈ హక్కు ఏర్పడే దాకా నిలవలేనివారి వాటాయే నిలిచినవారి మ్యాచింగ్ ఖర్చును తగ్గిస్తుంది. తక్కువ జీతం మీద ఇల్లు గడవక వెళ్ళిపోయే మనిషికి మ్యాచింగ్ పెంచామని చెప్పడం వల్ల ఏ మేలూ జరగదు. అతనికి కావలసింది ఈ నెల జీతంలో కలిసే డాలరు. జీతంలో కలిసిన డాలరు మీద పింఛను జమ కూడా పెరుగుతుంది కనుక, నిలిచి ఉన్నవారికి కూడా అందులో కొంత భాగం చివరకు పింఛనుగా చేరుతుంది.

అందువల్ల నా తూకం ఇలా ఉంది. కొత్తవారు రెండు మూడేళ్ళకే మానేస్తున్న కౌంటీలో మ్యాచింగ్ జోలికి పోకుండా ముందు కింది స్థాయి జీతాలు పెంచాలి. మిగిలిన సొమ్ముతో, పింఛను హక్కుకు పదేళ్ళు పడుతున్న చోట దాన్ని ఎనిమిదికో అయిదుకో తగ్గించాలి, ఎందుకంటే మ్యాచింగ్ పెంచడం వల్ల బయటే ఉండిపోయేవారిని అది లోపలికి తీసుకువస్తుంది. పన్నెండు, పదిహేను ఏళ్ళు పనిచేసి, పక్క కౌంటీ మెరుగైన మ్యాచింగ్ చూపగానే కదిలిపోతున్న షెరీఫ్ డెప్యూటీల వంటి అనుభవజ్ఞులు ఎక్కువగా ఉన్న చోట మాత్రం మ్యాచింగ్ పెంచడమే సరైన నిర్ణయం. టీసీడీఆర్‌ఎస్ సభ్యత్వం ఉన్న కౌంటీల మధ్య సర్వీసు కాలం కలిసి లెక్కకు వస్తుంది కనుక అలాంటివారికి కదలడం కష్టమేమీ కాదు.

రిటైరైనవారి పింఛను పెంపు ఇదే బడ్జెట్ లోపల పోటీపడే మరో అంశం, దాన్ని తరచుగా మరచిపోతారు. టీసీడీఆర్‌ఎస్ పింఛను దానంతట అది పెరగదు. కమిషనర్స్ కోర్టు ఆ ఏడాదికి నిర్ణయిస్తేనే పెరుగుతుంది. అందరికీ ఒకే శాతం ఇవ్వడం ఒక మార్గం, రిటైరైన నాటి నుంచి ధరల సూచీ ఎంత పెరిగిందో చూసి అందులో కొంత భాగం భర్తీ చేయడం రెండో మార్గం. 2022 జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరినప్పుడు ఎక్కువగా నష్టపోయింది ఎప్పుడో రిటైరైన పాతవారే కనుక రెండో మార్గమే నాకు న్యాయంగా కనిపిస్తుంది; ఒకే శాతం పద్ధతిలో నిన్న రిటైరైనవారికీ ఇరవై ఏళ్ళ కిందట రిటైరైనవారికీ ఒకే కొలత పడుతుంది.

పని గంటల విషయంలో ప్రభుత్వ ఉద్యోగులకు ప్రైవేటు రంగంలో లేని ఒక ఏర్పాటు ఉంది. ఓవర్‌టైమ్‌కు నగదు బదులు, అదనపు గంటకు గంటన్నర చొప్పున సెలవు జమ చేసుకోవడానికి సమాఖ్య కార్మిక చట్టం అనుమతిస్తుంది. సాధారణ ఉద్యోగులకు 240 గంటలు, పోలీసు, అగ్నిమాపక వంటి ప్రజాభద్రతా సిబ్బందికి 480 గంటలు దాని పరిమితి. మనుషులు చాలని జైళ్ళలో ఆ సెలవు వాడుకునే రోజు దొరకడమే కష్టం కనుక అక్కడ నగదే మేలు. పిల్లల బడి సెలవులకు తగ్గట్టు పని సర్దుకోగల కార్యాలయాలలో సెలవు మేలు.

జీతం పెంపు ప్రకటన చూసి సంతోషించే ముందు కుటుంబ ఆరోగ్య బీమా ప్రీమియం పట్టికను పక్కన పెట్టుకోవాలి, ముఖ్యంగా భార్యాపిల్లలను కౌంటీ బీమాలో చేర్చిన తెలుగు కుటుంబాలు. ఉద్యోగి ప్రీమియాన్ని చాలావరకు తామే కట్టి, కుటుంబ సభ్యుల భారాన్ని ఉద్యోగి మీదనే ఉంచే కౌంటీలు ఉన్నాయి. 52,000 మీద 3 శాతం అంటే నెలకు 130 డాలర్లు. అదే ఏడాది కుటుంబ ప్రీమియం నెలకు 150 పెరిగితే, పన్నులు లెక్కలోకి రాకముందే ఆ ఇంటి ఆదాయం 20 డాలర్లు తగ్గినట్టే.