కాలిపోయిన కౌంటీలో ఏడేళ్ల వెతుకులాట

మా ఆవిడ అమ్మమ్మ పుట్టింటివారిది అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, టేనీ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). ఓజార్క్ గుట్టల్లో, అర్కాన్సాస్ సరిహద్దును ఆనుకుని ఉంటుంది. బ్రాన్సన్‌లో సంగీత ప్రదర్శనలు చూడటానికి వచ్చేవారికి ఆ కౌంటీ వినోదం. మా ఆవిడ పూర్వీకులను వెతుకుతున్న నాకు మాత్రం ఏడేళ్లుగా అది తలనొప్పి, వ్యసనం కూడా. తద్దినం నాడు పురోహితుడు అడిగితే మా వైపు మూడు తరాల పేర్లు చెప్పి ఆగిపోతాను. ఆమె వైపు ఆరు తరాలు పట్టుకున్నాను.

ముందే చెప్పాలి, ఇది సులువైన కౌంటీ కాదు. 1885 డిసెంబరులో కౌంటీ కేంద్రమైన ఫోర్సైత్‌లోని కోర్టు భవనం తగలబడి, పెళ్లి రిజిస్టర్లు, వీలునామాలు, దస్తావేజులు బూడిదయ్యాయి. నేరస్థులకు తామే శిక్ష వేస్తామని బాల్డ్ నాబర్స్ అనే దళం ఊళ్లమీద తిరుగుతున్న రోజులవి. ఇవేవీ తెలియక మొదట చందా కట్టించుకునే ఒక వెబ్‌సైటును నమ్మాను. ఎవరో తయారుచేసిన వంశవృక్షంలో అన్నదమ్ముల బిడ్డలైన, ఒకే పేరున్న ఇద్దరిని ఒకే మనిషిగా కలిపేశారు. నేనూ కలిపేసుకున్నాను. ఏడాది వృథా.

జనాభా లెక్కలు అవసరమే కానీ వాటితోనే పని అవదు. 1850కి ముందు కుటుంబ పెద్ద పేరు ఒక్కటే రాసేవారు. 1890 లెక్కల్లో చాలా భాగం 1921లో వాషింగ్టన్ అగ్నిప్రమాదంలో పోయింది. ఈ రెండో నష్టం ఆడపిల్లల చరిత్రకు పెద్ద దెబ్బ. 1881లో పుట్టిన పిల్ల 1900 లెక్కల్లో పెళ్లయి, భర్త ఇంటిపేరుతో కనిపిస్తుంది. మధ్యలో పుట్టింట్లో ఉన్నట్టు ఈ లెక్కల్లో ఆనవాలే లేదు. ఈ చిక్కు విప్పింది మిస్సోరి రాష్ట్ర ఆర్కైవ్స్, అంటే పాత దస్త్రాల భండారం. 1910 నుంచి నమోదైన మరణ ధ్రువపత్రాల్లో యాభై ఏళ్లు దాటినవాటిని ఉచితంగా ఇంటర్నెట్లో పెట్టారు. వాటిలో తల్లి పుట్టింటిపేరు ఉంటుంది. అయితే ఆ వివరాలు చెప్పింది చనిపోయిన మనిషి కాదు, దుఃఖంలో ఉన్న కొడుకో అల్లుడో. మా ఆవిడ ముత్తవ్వ పుట్టిన రాష్ట్రాన్నే తప్పు చెప్పారు.

అసలు నిధి కౌంటీ బయట ఉంది. ప్రభుత్వ భూమి పట్టాల కాగితాలు వాషింగ్టన్‌లో ఉన్నాయి కాబట్టి ఫోర్సైత్ మంటలు వాటిని తాకలేదు. మన సర్వే నంబరు లాగే అక్కడ టౌన్‌షిప్, సెక్షన్ లెక్క: ఆరు మైళ్ల చదరానికి 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. ఆ అంకెలను సమాఖ్య భూ విభాగం వెబ్‌సైటులో ఉచితంగా చూసుకుని, నేషనల్ ఆర్కైవ్స్‌కు రుసుము కట్టి మా ఆవిడ పూర్వీకుడి హోమ్‌స్టెడ్ ఫైలు (కాపురముండి సాగుచేసినవారికి ప్రభుత్వం ఇచ్చిన భూమి కాగితాలు) తెప్పించాను. చెక్క ఇల్లు, కంచె, మొక్కజొన్న చేను, ఆయన అక్కడ కాపురమున్నాడని ఇద్దరు సాక్షుల వాంగ్మూలం. ఆ సాక్షుల్లో ఒకరు ఆయన బావమరిది! ఆ పేరు పట్టుకుని వెళితే భార్య పుట్టిల్లు దొరికింది.

అమెరికా అంతర్యుద్ధంలో (1861-65) పోరాడిన సైనికుల వితంతువుల పింఛను ఫైళ్లు ఇంకా గొప్పవి. పెళ్లి రిజిస్టరు కాలిపోవడంతో పెళ్లయిందని రుజువు చేసుకోవడానికి మా ఆవిడ పూర్వీకుల్లో ఒక వితంతువు ఇరుగుపొరుగులతో ప్రమాణపత్రాలు రాయించింది. ఎవరింట్లో పెళ్లయింది, ఎవరు చేయించారు, ఆ రోజు ఎవరెవరు వచ్చారు, అన్నీ ఉన్నాయి. రిజిస్టరు మిగిలి ఉంటే నాకు తేదీ ఒక్కటే దక్కేది.

ఆ ప్రాంతపు వైట్ రివర్ వ్యాలీ చారిత్రక సంఘం పాత త్రైమాసిక సంచికలు స్ప్రింగ్‌ఫీల్డ్ గ్రంథాలయం వెబ్‌సైటులో ఉచితంగా చదవవచ్చు. జ్ఞాపకాలు ఎక్కువ, ఆధారాలు తక్కువ. దారి చూపుతాయి, అంతవరకే.

నెలలో వంశవృక్షం కావాలనుకునేవారు ఈ కౌంటీ జోలికి వెళ్లవద్దు. కిందటి ఏడు హోమ్‌స్టెడ్ ఫైలులోని అంకెలు పట్టుకుని ఆ చేను చూద్దామని మా అత్తగారితో వెళ్లాం. బుల్ షోల్స్ ఆనకట్ట కట్టాక పాత ఫోర్సైత్‌నే ఖాళీ చేయించారు. చేనులో సగం రిజర్వాయరు కింద ఉంది. మా అత్తగారు ఒడ్డున నిలబడి, ఇల్లు ఏ వైపు ఉండేదని అడిగారు. ఫైలులో అది రాయలేదు.