ఎంజో ఫెరారీ ఊళ్లు: మారనెల్లోకి అరపూట చాలు

ఫెరారీ నడపడానికి పది నిమిషాలకు వంద యూరోలు. ఇటలీలో ఫెరారీ కార్ల ఊరు మారనెల్లో. అక్కడి ఫెరారీ మ్యూజియం నుంచి బయటపడగానే, అద్దెకు ఎర్ర కార్లు వరసగా నిలబెట్టి రేట్ల కార్డు చేతిలో పెట్టే కౌంటర్ల వాళ్ల మొదటి మాట ఇదే. మోసం అనడానికి లేదు, షరతులన్నీ కాగితం మీదే ఉంటాయి. చిక్కల్లా ఆ కాగితం మన ముందుకొచ్చేది కార్డు గీకాకే.

ఆ పది నిమిషాలు ఎలా గడుస్తాయో ముందే తెలుసుకుంటే సగం మంది ఆగిపోతారు. కారు ఆవరణ దాటగానే గడియారం మొదలవుతుంది. ఊళ్లో వేగ పరిమితి 50 కిలోమీటర్లు. దారంతా రౌండబౌట్లే. ముందు టైల్స్ లారీ పడిందా, రెండో గేరు నుంచి మూడో గేరుకు పోయే యోగం కూడా ఉండదు. వీడియోకు వేరే డబ్బు. గీత పడితే మనం భరించాల్సిన మొత్తం వేల యూరోల్లో ఉంటుంది, దాన్ని తగ్గించుకోవాలంటే ఇంకో నలభయ్యో యాభయ్యో. డిపాజిట్ బ్లాక్ చేయడానికి నడిపేవారి పేరుమీద క్రెడిట్ కార్డే కావాలి. మనవాళ్లు జేబులో పెట్టుకెళ్లే ఫారెక్స్ కార్డు చాలాచోట్ల ఇక్కడే మొరాయిస్తుంది. ఒరిజినల్ లైసెన్సుతోపాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి. బయల్దేరేముందే ఆర్టీఏలో ఫారం 4ఎ నింపి తీసుకోండి. ఫీజు 1,000 రూపాయలు, సర్వీసు చార్జీ అదనం, చెల్లుబాటు ఏడాది. రెండు సీట్ల కారులో ఒకటి మీకు, రెండోది వాళ్ల మనిషికి. వెంట వచ్చినవాళ్లు ఫుట్‌పాత్ మీద ఎండలో ఫోన్ పట్టుకుని మొహం మాడ్చుకుని నిలబడాల్సిందే. ఆ మొహం రాత్రి భోజనం దాకా అలాగే ఉంటుంది.

ఆ డబ్బుకు దగ్గర్లోని మోడెనాలో ఇంకో రాత్రి ఉండొచ్చు. ఈ కార్లు మొదలుపెట్టిన ఎంజో ఫెరారీ అనే మనిషిని చూడాలంటే ఊరు అదే.

బొలోన్యా నగరం నుంచి మోడెనాకు లోకల్ రైల్లో అరగంట. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీది మిషన్లో ముద్ర కొట్టించాలి. డబ్బు కట్టాం కదా అని మరిచిపోతే జరిమానా తప్పదు, కొత్తవాళ్లమన్నా వినరు. స్టేషన్ నుంచి పది నిమిషాల నడకలో ఎంజో ఫెరారీ మ్యూజియం ఉంది. కారు బానెట్‌లా వంగిన పసుపు పైకప్పుతో 2012లో తెరిచారు. డిజైన్ ఆర్కిటెక్ట్ యాన్ కప్లిత్స్కీది. పసుపు మోడెనా రంగు, ఫెరారీ గుర్తులో గుర్రం బొమ్మ వెనక కనిపించేది అదే. జనం నేరుగా ఆ కప్పు కిందికి పోయి కార్లతో ఫోటోలు దిగి వచ్చేస్తారు. ముందు చూడాల్సింది పక్కనున్న ఇటుకల ఇల్లు. ఎంజో 1898లో పుట్టింది ఇక్కడే. తండ్రి ఇనుప పనుల వర్క్‌షాపూ ఇదే, ఇప్పుడు అందులో ఇంజన్లు పెట్టారు.

1916లో తండ్రినీ అన్ననూ పోగొట్టుకున్న కుర్రాడు సైన్యంలో కంచరగాడిదలకు నాడాలు కొట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధమయ్యాక టూరిన్‌లో ఫియట్‌ను ఉద్యోగం అడిగితే లేదన్నారు. 1919లో రేసుల్లోకి దిగాడు. 1920 తార్గా ఫ్లోరియో రేసులో ఆల్ఫా రోమియో కారు మీద రెండో స్థానం, 1923లో రవెన్నా దగ్గర సావియో రేసులో గెలుపు, 1924లో పెస్కారాలో కొప్పా అచెర్బో రేసులో ఇంకోటి. ఆ రవెన్నా గెలుపు తర్వాతే, యుద్ధంలో చనిపోయిన పైలట్ బరాక్కా తల్లిదండ్రులతో పరిచయమైంది. గుర్రం బొమ్మ ఆ పైలట్ విమానం మీదిది. ఎంజో మంచి డ్రైవరే కానీ ఆ కాలపు మేటి రేసర్ నువొలారీ అంతటివాడు కాదు. ఆ సంగతి అందరికన్నా ముందు ఆయనకే తెలిసినట్టుంది. 1929లో ఆల్ఫా కార్లు నడిపే స్కుదేరియా ఫెరారీ రేసు జట్టు పెట్టాడు, 1931లో చివరి రేసులో ఆ నువొలారీ వెనకే రెండోవాడిగా ముగించి స్టీరింగ్ వదిలేశాడు.

ఆల్ఫాతో 1939లో తెగిపోయినప్పుడు నాలుగేళ్లు సొంత పేరుతో రేసు కార్లు కట్టకూడదని షరతు. అందుకే 1940 మిల్లె మిల్యా రేసుకు కట్టిన మొదటి రెండు కార్ల మీద ఫెరారీ పేరు లేదు. వాటిని 815 అన్నారు. ఎనిమిది సిలిండర్లు, లీటరున్నర ఇంజను, ఫియట్ 508 సి విడిభాగాలు. ఒకటి యువకుడు అల్బెర్తో అస్కారీ నడిపాడు. రెండూ మధ్యలోనే ఆగిపోయాయి. వాటిలో మిగిలిన ఒక్కటి మోడెనాకు దగ్గర్లో, పంజానో కోటలోని రిగీని సేకరణలో ఉంది. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోకుండా వెళ్తే గేటు చూసి రావాలి.

మోడెనా నుంచి మారనెల్లో 18 కిలోమీటర్లు. 800 నంబరు బస్సులో ముప్పావుగంట, సుమారు 3 యూరోలు. ఆదివారాలు బస్సులు పలచబడతాయి. రెండు మ్యూజియంలకూ కలిపి 2024లో 38 యూరోలు, విడిగా ఒక్కోటి 27. మారనెల్లోలో ఫెరారీ పేరుతో వచ్చిన మొదటి కారు 125 ఎస్ కనిపిస్తే బానెట్ దగ్గర ఆగండి. పన్నెండు సిలిండర్లు, ఒక్కోటి సుమారు 125 సీసీ. పేరు అక్కడిదే. ఇంత చిన్న ఇంజనుకు పన్నెండు ఎందుకని అప్పట్లో నవ్వినవాళ్లున్నారు. 1947 మేలో పియచెంజాలో మొదటి రేసు. ముందంజలో ఉండగా ఇంధన పంపు మొరాయించి ఆగిపోయింది. రెండు వారాలకు రోమ్‌లో గెలిచింది.

బస్సు టూర్ గురించి ఒక మాట. అది ఫ్యాక్టరీ లోపలి దారుల్లో, ఫెరారీ సొంత ఫియొరానో టెస్ట్ ట్రాక్ దగ్గర తిప్పుతుంది. బస్సు దిగనివ్వరు, ఫోటోలు తీయనివ్వరు. ఇంజన్లు బిగించడం కనిపిస్తుందని ఆశపడి కొనకండి. ఆర్కిటెక్ట్ రెంజో పియానో గీసిన విండ్ టన్నెల్ (కార్లను గాలి వేగానికి పరీక్షించే) భవనం, ట్రాక్ మధ్యలో ఎంజో ఆఫీసుగా వాడుకున్న ఇల్లు కిటికీలోంచి చూస్తే చాలనుకునేవాళ్లకే. ఫ్యాక్టరీ పాత గేటు ముందు నిలబడితే ఫోటో ఉచితం. దానికి ఎదురుగానే ఎంజో రోజూ తిన్న కవల్లీనో హోటల్.

తిండి దగ్గర శాకాహారులు జాగ్రత్త. న్యోక్కో ఫ్రిత్తో అని తెస్తారు, అచ్చం మన పూరీ. పొంగింది చూసి పిల్లలు లొట్టలేస్తారు, కానీ సంప్రదాయంగా వేయించేది పంది కొవ్వులో. సూపులో వేసే తొర్తెల్లీనిలో పంది మాంసం ఉంటుంది. పన్నీరులాంటి రికొత్తా, పాలకూర కూరిన తొర్తెల్లోని అడగండి. అయితే పైన రాల్చే పార్మిజానో చీజ్‌లో దూడ రెన్నెట్, అంటే పాలు విరవడానికి దూడ కడుపు నుంచి తీసే పదార్థం వాడతారు. పట్టింపు ఉంటే అది వద్దని చెప్పి, లోపలి కూరలోనూ కలిపారేమో ముందే అడగాలి. మధ్యాహ్నం రెండున్నరకు వంటిల్లు మూస్తే మళ్లీ రాత్రి ఏడుకే. బిల్లులో మనిషికి రెండు మూడు యూరోల కొపెర్తో ఉంటుంది, అది టిప్పు కాదు, కూర్చున్న కూలి.

బస మోడెనా స్టేషన్ వైపే మేలు. మారనెల్లో, ఫియొరానో, సస్సువోలో మన గుజరాత్‌లోని మోర్బీలాగా టైల్స్ ఊళ్లు. సెప్టెంబరు చివర బొలోన్యాలో జరిగే టైల్స్ ప్రదర్శన వారంలో ఈ చుట్టుపక్కల గది దొరకడమే కష్టం. అద్దె కారుతో మోడెనా పాత ఊళ్లోకి దూరకండి. అనుమతి లేని బండ్లను కెమెరాలు పట్టేసే మండలం అది. జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది, అద్దె సంస్థ తన రుసుము దానికి తగిలిస్తుంది.

ఓపికుంటే సాన్ కతాల్దో శ్మశానం. 1988 ఆగస్టు 14న పోయిన ఎంజో, 24 ఏళ్లకే పోయిన కొడుకు దీనో అక్కడి కుటుంబ సమాధిలో ఉన్నారు. ఎంజో శవాన్ని ఎత్తుకెళ్లి డబ్బు గుంజాలనుకున్న ముఠా పన్నాగాన్ని 2017లో పోలీసులు బయటపెట్టారు. టికెట్ లేదు, బోర్డులూ పెద్దగా లేవు. తలుపు బయటి నుంచే చూసి రావాలి.