పార్కులో గుడారమా, మిద్దె మీద గుడారమా?

ఒక రాత్రి గుడారంలో పడుకోవాలని పిల్లలు పట్టుబడితే నెల్లూరు వాసులకు దగ్గరి దారులు రెండు: ఊళ్లోని పార్కు, సొంత మిద్దె.

ఖర్చు: గుడారం ఎక్కడైనా ఒకటే. మిద్దెకు అంతటితో సరి. పార్కుకైతే దుప్పట్లు, నీళ్లు, భోజనం మోసుకెళ్లే ఆటో అదనం.

అనుమతి: మిద్దెకు ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే చాలు. పార్కు గేటుకు రాత్రి తాళం పడుతుంది. నగరపాలక సంస్థ రాతపూర్వక అనుమతి లేకుండా వెళ్తే కాపలాదారు లేపి పంపిస్తాడు; అతని తప్పేమీ లేదు.

శ్రమ: ఇక్కడ పార్కుదే పైచేయి. మట్టిలో మేకులు దిగుతాయి, కాంక్రీటులో దిగవు. మిద్దెకు కమ్మీల మీద తనంతట తానే నిలబడే గుడారం కొని, నాలుగు మూలలా ఇసుక సంచులు పెట్టాలి. మేం తెలివిగా నీళ్ల సీసాలు పెట్టాం. అర్ధరాత్రి దాహమేసి మావాడు ఒకటి ఖాళీ చేశాడు, గాలికి ఆ మూల కాస్తా లేచింది.

ఇబ్బందులు: దోమలు రెండుచోట్లా ఉంటాయి. పార్కులో వీధికుక్కలు, మరుగుదొడ్డి బెడద అదనం. మిద్దెకు పిట్టగోడ ఎత్తు చూసుకోవాలి. వేసవిలో కాగిన శ్లాబు పొద్దుపోయేదాకా సెగ కక్కుతూనే ఉంటుంది. సాయంత్రమే నీళ్లు చల్లాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కాబట్టి రెండూ వద్దు.

ఐదేళ్లలోపు పిల్లలుంటే మిద్దె. పిల్లలు పదేళ్లు దాటి, నాలుగు కుటుంబాలు కలిసి, అనుమతి చేతిలో ఉంటే జనవరి, ఫిబ్రవరిలో పార్కు. తెల్లారాక కారం దోసె ఎటునుంచైనా దగ్గరే.