ఈవ్ ఆన్‌లైన్: ఒంటరిగా కొట్లాడాలనుకునేవాళ్ళ కోసం రివ్యూ

ఈవ్ ఆన్‌లైన్ అనే స్పేస్‌షిప్ గేమ్ పేరెత్తితే అందరూ పెద్ద యుద్ధాల గురించే చెబుతారు. 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ అనే నక్షత్ర వ్యవస్థలో (గేమ్‌లో సిస్టమ్ అంటారు) జరిగిన యుద్ధంలో గేమ్‌లోని అతి పెద్ద షిప్‌లైన టైటాన్లు 75 పేలిపోయాయి, ఆ కథ ఈ గేమ్ ఎప్పుడూ ఆడనివాళ్ళ దాకా కూడా వెళ్ళింది. కానీ అంత జనం ఒక్కచోట చేరితే సర్వర్ తట్టుకోలేక ఆటలోని కాలాన్నే పదో వంతు వేగం దాకా తగ్గించేస్తుంది, మీరు కమాండర్ చెప్పిన పేరు మీద నొక్కి కూర్చోవాలి. నేను రాస్తున్నది దానికి పూర్తిగా అవతలి కొసన ఉన్న ఆట గురించి. ఒక ఫ్రిగేట్, అంటే చిన్న యుద్ధ షిప్, అందులో మీరొక్కరే, ఎదురుగా ఇంకొకడు. ఈ ఒక్క విషయంలో ఈవ్‌ని మించిన స్పేస్‌షిప్ గేమ్ నాకు కనబడలేదు, అలాగే ఈవ్ విసిగించేదీ ఎక్కువగా ఇక్కడే.

ఐస్‌లాండ్‌కి చెందిన సీసీపీ కంపెనీ 2003 మేలో దీన్ని విడుదల చేసింది. చైనా సర్వర్ వేరు, మిగతా ప్రపంచమంతా ఒకే సర్వర్‌లో ఆడుతుంది. 2016 నవంబర్ నుంచి ఆల్ఫా అకౌంట్‌తో డబ్బు కట్టకుండా ఆడొచ్చు. షిప్ పేలిపోతే పోయినట్టే. లోపల బిగించిన మాడ్యూల్స్‌లో (తుపాకులు, ఇంజిన్లు లాంటి పరికరాలు) దాదాపు సగం నాశనమవుతాయి, మిగిలినవి గెలిచినవాడు ఏరుకుపోతాడు. చవకైన ఫ్రిగేట్ అయినా సరే, అది పోతుందని తెలిసి కొట్లాడుతుంటే వచ్చే టెన్షన్ వేరు, చచ్చిన మరుక్షణం మళ్ళీ అక్కడే లేచే ఆటల్లో అది రానే రాదు.

ఇక అసలు సంగతి. ఇక్కడ ఫైట్‌ని నిర్ణయించేది దూరం. ఎవరి షిప్ ఎంత దూరం నుంచి బాగా కొడుతుంది, ఆ దూరాన్ని ఎవరు పట్టి ఉంచగలుగుతున్నారు, మిగతా అన్నీ దీని తర్వాతే. దీనికి మూడు పనిముట్లు ఉన్నాయి. వార్ప్ డిస్‌రప్టర్ 20 నుంచి 24 కిలోమీటర్ల దూరం దాకా అవతలివాడు వార్ప్ చేసి, అంటే ఒక్క దూకుతో చాలా దూరం వెళ్ళి, పారిపోకుండా ఆపుతుంది, అంతే, వాడి వేగం జోలికి పోదు. స్క్రాంబ్లర్ (స్క్రాం) పరిధి చాలా తక్కువ, మెరుగైన టెక్ 2 రకం అయినా 9 కిలోమీటర్లే, కానీ అది పడిందంటే వార్ప్‌తో పాటు మైక్రోవార్ప్‌డ్రైవ్ అనే వేగం పెంచే ఇంజిన్ కూడా ఆగిపోతుంది, అంటే సెకనుకి మూడు నాలుగు కిలోమీటర్లు దూసుకుపోతున్నవాడు ఒక్కసారిగా నత్తనడకకి వస్తాడు. మూడోది వెబ్, 10 కిలోమీటర్ల లోపు ఉంటే ఉన్న వేగంలో సగానికి పైగా కోసేస్తుంది. వీటిని బట్టే ఆడే తీరులు పుట్టాయి. 20 కిలోమీటర్ల అవతల తిరుగుతూ డిస్‌రప్టర్ పెట్టి క్షిపణులతో గిల్లేవాళ్ళు కైటర్లు. మీదికి దూకి కిలోమీటరు లోపల బ్లాస్టర్లనే దగ్గరి తుపాకులతో బాదేవాళ్ళు బ్రాలర్లు. మధ్యలో ఏడెనిమిది కిలోమీటర్ల దగ్గర స్క్రాం, వెబ్ రెండూ వేసి, స్క్రాంకి ఆగని ఆఫ్టర్‌బర్నర్ అనే చిన్న ఇంజిన్‌తో దూరం కాపాడుకునేవాళ్ళు ఉంటారు. బ్లాస్టర్లకి అందరు, కానీ స్క్రాం మాత్రం పడుతూనే ఉంటుంది. నా మటుకు నాకు ఇదే అన్నిటికన్నా అందమైన ఆట.

దగ్గరగా చూస్తే తప్ప ఇందులో ఎంత ఉందో అర్థం కాదు. మీరు మెర్లిన్ అనే ఫ్రిగేట్‌లో ఉన్నారనుకోండి, బ్లాస్టర్లు, మైక్రోవార్ప్‌డ్రైవ్, స్క్రాం, వెబ్. అవతల కాండర్ అనే ఇంకో ఫ్రిగేట్, మీ చుట్టూ 20 కిలోమీటర్ల దగ్గర తిరుగుతూ క్షిపణులు వదులుతున్నాడు. మీ తుపాకులు వాడిని అందుకోలేవు, వేగంలో వాడు మీకన్నా చాలా ఎక్కువ, నేరుగా వెంటపడితే షీల్డ్ కరిగిపోతుంది గానీ దూరం తగ్గదు. అప్పుడు చేయాల్సింది వాడికి ఎదురు వెళ్ళడం కాదు, వాడికి సరిగ్గా వ్యతిరేక దిక్కులో ఖాళీ ఆకాశంలో డబుల్ క్లిక్ చేసి పారిపోతున్నట్టు పరుగెత్తడం. వాడు మీ చుట్టూ షిప్ తానే తిరిగేలా చేసే ఆర్బిట్ బటన్ నొక్కి వదిలేసి ఉంటే, వాడి షిప్ దూరం పెరగకుండా మీ వెనకే నిలువుగా, పూర్తి వేగంతో వస్తుంది. స్క్రాంబ్లర్‌ని ఓవర్‌హీట్‌లో (కాలిపోయే ప్రమాదంతో బలం పెంచడం) పెట్టండి, పరిధి 9 నుంచి 10.8 కిలోమీటర్లకి పెరుగుతుంది. ఇప్పుడు గిరుక్కున వెనక్కి తిరిగి వాడి ముక్కు మీదికి వెళ్ళండి. రెండు షిప్‌ల వేగాలూ కలిసిపోయి మధ్య దూరం క్షణాల్లో పడిపోతుంది, సర్వర్ సెకనుకి ఒక్కసారే లెక్కలు వేస్తుంది కాబట్టి వాడు గమనించి తప్పుకోవడానికి దొరికేది రెండు మూడు సెకన్లు. స్క్రాం పడిందా, వాడి డ్రైవ్ చచ్చింది. వెనకే వెబ్. ఆ తర్వాత కాండర్‌కి ఉన్న పల్చటి షీల్డ్ బ్లాస్టర్ల ముందు నిలబడదు. దీన్ని స్లింగ్‌షాట్ అంటారు. అనుభవమున్న కైటర్ ఆర్బిట్ బటన్ ముట్టుకోడు, చేత్తోనే నడుపుతాడు, మీరు తిరగబోతున్నారని మీ షిప్ ముక్కు చూసి పసిగడతాడు. ఇద్దరూ చేత్తో నడిపేవాళ్ళే తగిలిన రోజు ఆ ఫైట్ చదరంగంలా సాగుతుంది.

తుపాకుల లెక్క కూడా ఊరికే గురి చూసి కాల్చడం కాదు. టర్రెట్‌కి (తుపాకికి) ట్రాకింగ్ అని ఉంటుంది, ఎదుటివాడు మీకు అడ్డంగా ఎంత వేగంగా కదులుతున్నాడో దాన్ని బట్టి గుండు తగలడం, తగలకపోవడం. అందుకే దూరం నుంచి కొట్టే తుపాకుల వాడి మీదికి నిలువుగా వెళ్ళకూడదు, మెలి తిరుగుతూ ఏటవాలుగా వెళ్ళాలి. క్షిపణులకి ఈ ట్రాకింగ్ బాధ లేదు, అవి మీ వేగాన్ని, సిగ్నేచర్‌ని (మీ షిప్ సెన్సర్లకి ఎంత పెద్దగా కనబడుతుందో అది) చూసి దెబ్బ తగ్గించుకుంటాయి. మైక్రోవార్ప్‌డ్రైవ్ వేస్తే సిగ్నేచర్ బాగా ఉబ్బుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి. మందుగుండు మార్చడంలోనూ తేడాలున్నాయి. లేజర్ క్రిస్టల్ అప్పటికప్పుడే మారుతుంది, బ్లాస్టర్లకి 5 సెకన్లు, ఆటోకానన్లకి 10. షీల్డ్‌ని తిరిగి నింపే ఆన్సిలరీ షీల్డ్ బూస్టర్‌లో కార్ట్రిడ్జ్‌లు అయిపోతే మళ్ళీ నిండడానికి పూర్తిగా 60 సెకన్లు పడుతుంది. వాడి షీల్డ్ పైకి లేవడం ఆగిపోయిందా, ఓవర్‌హీట్ అంతా అప్పుడే ఖర్చు పెట్టాలి. అంతకుముందే పెడితే మీ మాడ్యూల్స్ కాలిపోవడం తప్ప లాభం లేదు.

ఇదంతా ఫైట్ మొదలయ్యాక. మొదలవకముందు చేసే పనిలోనే గెలుపు ఎక్కువ ఉంది. లోకల్ లిస్ట్‌లో సిస్టమ్‌లో ఎవరెవరున్నారో కనిపిస్తుంది (వార్మ్‌హోల్స్‌లో మాత్రం ఎవరైనా నోరు విప్పితే తప్ప కనబడదు). డైరెక్షనల్ స్కానర్ 14.3 ఏయూ (ఒక ఏయూ అంటే భూమికి, సూర్యుడికి మధ్య దూరం) దాకా చూపిస్తుంది, 360 డిగ్రీల నుంచి 5 డిగ్రీల దాకా ఇరుకు చేసి వాడు ఏ గ్రహం దగ్గర, ఏ షిప్‌లో ఉన్నాడో పట్టుకోవచ్చు. పేలిన షిప్‌ల వివరాలు ఉండే జీకిల్‌బోర్డ్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే వాడు ఇంతకుముందు పోగొట్టుకున్న షిప్‌ల ఫిట్టింగ్‌లు మాడ్యూల్‌తో సహా దొరుకుతాయి, చాలామంది అదే ఫిట్ మళ్ళీ మళ్ళీ వాడతారు. కెస్ట్రెల్ అనే ఫ్రిగేట్ కనబడితే రాకెట్లతో మీద పడేదా, లైట్ మిసైళ్ళతో దూరం నుంచి కొట్టేదా అన్నది ఆ పేజీలోనే తేలిపోతుంది. ఇక స్థలం. సిస్టమ్‌ల మధ్య దారి అయిన స్టార్‌గేట్ దగ్గర కొట్లాటకి దిగకండి, భద్రత తక్కువ ఉండే లోసెక్‌లో గేటు తుపాకులు ఫ్రిగేట్‌ని నిలబడనివ్వవు, పైగా మీరు ఒక్కసారి కాల్చారంటే 60 సెకన్ల దాకా గేటు దాటడానికీ స్టేషన్‌లోకి పోవడానికీ లేదు. ఫ్యాక్షన్ వార్‌ఫేర్ (గేమ్‌లోని వర్గాల మధ్య యుద్ధం) ప్లెక్స్‌లు, అంటే దాని పోరు స్థలాలు, దీనికి సరైన చోటు. లోపలికి పోయే గేటు పెద్ద షిప్‌లని రానివ్వదు, వచ్చేవాడు ఎప్పుడూ ప్రవేశం దగ్గరే దిగుతాడు, కాబట్టి ముందే లోపలున్న మీరు మీకు కావాల్సిన దూరంలో కూర్చుని ఎదురుచూడొచ్చు. ఒంటరివాడికి గేమ్ ఇచ్చిన అతి పెద్ద వరం ఈ ప్లెక్స్‌లే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు లోపాలు. నిజమైన ఒకరికొకరు ఫైట్ దొరకడం కష్టం. ఒంటరిగా కనబడేవాడు చాలాసార్లు ఎర మాత్రమే, మీరు స్క్రాం వేసిన నిమిషంలో వాడి స్నేహితులు నలుగురు దిగుతారు. ఇది నియమాలకి విరుద్ధం కాదు, గేమ్ దీన్ని ఆపదు, ఆపాలని నేనూ అనను, కానీ గంటసేపు సిస్టమ్ తర్వాత సిస్టమ్ తిరిగితే రెండు నిమిషాల కొట్లాట దొరకడం, అది కూడా ఇలా ముగియడం ఓపిక లేనివాళ్ళ వల్ల కాదు. రెండోది, డబ్బున్నవాడికి మొగ్గు ఉంది. 2016 నుంచి నైపుణ్యాలని నేరుగా ఎక్కించే స్కిల్ ఇంజెక్టర్లు వచ్చాయి, నిజమైన డబ్బుతో ప్లెక్స్ అనే టోకెన్ (పైన చెప్పిన ప్లెక్స్‌లు కావు) కొని, దాన్ని గేమ్ డబ్బుగా మార్చి నెలల శిక్షణని ఒక్క పూటలో ఎక్కించుకోవచ్చు. పైలట్ బలం పెంచే ఖరీదైన ఇంప్లాంట్లు, డ్రగ్స్ వేసుకున్న కైటర్‌ని మామూలు ఫ్రిగేట్‌తో పట్టుకోవడం చాలా కష్టం, వాడి తలలో ఏమున్నాయో ముందు తెలిసే దారీ లేదు. అయితే ఒక మంచి పని కూడా జరిగింది. సిస్టమ్‌లో ఎక్కడో మూల దాక్కున్న రెండో అకౌంట్ నుంచి బలం తెచ్చుకునే పద్ధతిని 2016 నవంబర్‌లో తీసేశారు, ఇప్పుడు ఆ బలమిచ్చే షిప్ ఫైట్ జరిగే చోటే ఉండాలి, అంటే కనబడుతుంది, కొట్టొచ్చు. ఒంటరివాళ్ళకి ఈ ఒక్క మార్పు ఎంత మేలు చేసిందో చెప్పలేను.

మూడోది, గేమ్ ఇవేవీ కూర్చోబెట్టి నేర్పదు. చుట్టూ ఉన్న షిప్‌ల పట్టిక అయిన ఓవర్‌వ్యూని మీరే సర్దుకోవాలి. ఎదుటివాడి అడ్డ వేగం, కోణీయ వేగం చూపించే గళ్ళు మీరే తెచ్చి పెట్టుకోవాలి, అవి లేకుండా టర్రెట్ ఫైట్ కళ్ళకి గంతలు కట్టుకుని చేసినట్టే. చిన్న అక్షరాలు, వరుసల మీద వరుసలు, మొదటి వారంలో కళ్ళు నొప్పి పుడతాయి.

నా లెక్కలో ఒంటరి పోరుకి ఐదుకి నాలుగు. కొనడం విషయానికొస్తే, డబ్బు కట్టి ఆడే ఒమెగా సబ్‌స్క్రిప్షన్ 2022 మేలో నెలకి 14.99 డాలర్ల నుంచి 19.99కి పెరిగింది, అంత పెట్టి మొదలుపెట్టాల్సిన పని లేదు. ఆల్ఫా అకౌంట్‌తో మెర్లిన్, కెస్ట్రెల్, ట్రిస్టన్, రిఫ్టర్ అన్నీ నడపొచ్చు. వీటిలో ఒక్కటే ఎంచుకోండి, అదే ఫిట్‌తో ఒక పది కట్టించి ప్లెక్స్‌లు ఉండే ప్రాంతంలో స్టేషన్‌లో పెట్టుకోండి, పోయిన ప్రతిదాని కిల్‌మెయిల్ (షిప్ పేలిన వివరాల నివేదిక) తీసి మిమ్మల్ని కొట్టినవాడెవడో, ఏ షిప్‌తో కొట్టాడో చదవండి. పదీ పోయాక ఇంకో పది కట్టించాలనిపిస్తే అప్పుడు ఒమెగా తీసుకోండి.