కోట గోడ మీంచి దూకితే ఏమవ్వాలి? డీ అండ్ డీ, గర్ప్స్‌లలో ఏది మేలు?

"అన్నా, అరవై అడుగులే కదా, దూకేస్తా" అన్నాడు మా అనంతపురం తమ్ముడు.

బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్‌లో ఆదివారం ఆట. బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే రోల్ ప్లేయింగ్ ఆట ఇది. డీ అండ్ డీ (డన్జన్స్ అండ్ డ్రాగన్స్), గర్ప్స్ అనేవి ఇలాంటి ఆటకు రెండు వేర్వేరు రూల్ పద్ధతులు. గండికోటను మనసులో పెట్టుకుని నేను రాసుకున్న కోట అది. వెనక నుంచి పాళెగాడి మనుషులు తరుముకొస్తున్నారు, గోడ కింద అన్నీ బండరాళ్లు. తమ్ముడికి మాత్రం టెన్షన్ లేదు, లెక్క ముందే వేసేశాడు. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో పడిన ప్రతి పది అడుగులకూ ఆరు ముఖాల పాచిక ఒకటి వేయాలి. అరవై అడుగులకు ఆరు పాచికలు, అంటే సగటున 21 దెబ్బ. ఎంత దరిద్రం పట్టినా 36 దాటదు. అతను ఆడే పాత్ర అయిన ఐదో లెవెల్ ఫైటర్‌కు 44 హిట్ పాయింట్లు, అంటే అంత దెబ్బ తట్టుకునే శక్తి, ఉన్నాయి. చచ్చే అవకాశమే లేదు. దూకాడు, 19 పోయాయి. ఎనిమిది గంటలు పడుకుని లేస్తే అన్నీ తిరిగొచ్చాయి.

తప్పు అతనిది కాదు, రూల్ ఇచ్చిన దారినే పట్టాడు. కానీ ఆ తర్వాత మా ఐదుగురిలో ఎవరికీ ఆ గోడంటే భయం లేకుండా పోయింది. ఆ రాత్రే గర్ప్స్ పుస్తకం తీసి అదే గోడ లెక్క చూశాను.

గర్ప్స్ స్టీవ్ జాక్సన్ 1986లో తెచ్చిన పద్ధతి. ఇప్పుడు నడుస్తున్న నాలుగో ఎడిషన్ 2004ది. ఇందులో మామూలు మనిషికి ఉండేది 10 హెచ్‌పీ (హిట్ పాయింట్లు). అనుభవం పెరిగినా అది పెద్దగా పెరగదు. అరవై అడుగుల నుంచి గట్టి నేల మీద పడితే దాదాపు నాలుగు పాచికల దెబ్బ, సగటున 14. సున్నాకు గానీ అంతకన్నా కిందికి గానీ పోయాక ప్రతి సెకనూ స్పృహ నిలుస్తుందా లేదా అని పాచికలు వేయాలి. 20 పడితే ప్రాణం నిలుస్తుందా అనే రోల్ కూడా తప్పదు. ఈ రూల్స్‌తో ఆడుంటే తమ్ముడు తాడు కోసం వెతికేవాడు.

డీ అండ్ డీని తేలిగ్గా కొట్టిపారేయడం న్యాయం కాదు. హిట్ పాయింట్లన్నీ రక్తమాంసాలు కావని, నేర్పు, అదృష్టం, దైవబలం కూడా అందులో కలిసే ఉంటాయని డీ అండ్ డీ సృష్టికర్తల్లో ఒకడైన గ్యారీ గైగాక్స్ 1979 నాటి డీఎం గైడ్‌లోనే (ఆట నడిపేవాడి కోసం రాసిన పుస్తకం) వివరించాడు. కత్తి యుద్ధంలో ఈ మాట బాగా నప్పుతుంది. వేటు తగల్లేదు, చివరి క్షణంలో తప్పుకున్నాడు, కాకపోతే ఆయాసం వచ్చింది. మన జానపద సినిమాల్లో కథానాయకుడు అరగంట కత్తి తిప్పేదీ ఇలాగే. కానీ బండరాయి దగ్గర తప్పుకోవడం అనేది ఉండదు. పడితే పడినట్టే. ఐదో ఎడిషన్ రూల్స్ తడబడేది సరిగ్గా ఇలాంటి చోట్లే: పడటం, కాలడం, మోయడం.

మోయడం అంటే గుర్తొచ్చింది. మొన్న లిఫ్ట్ పాడైతే గ్యాస్ సిలిండర్‌ను మూడో అంతస్తుకు నేనే ఎక్కించాను. గ్యాస్ 14.2 కిలోలు, ఇనుముతో కలిపి సుమారు 30. రెండో అంతస్తు మలుపులో కింద పెట్టి, అరచేతిలో పడిన ఎర్రటి గాడి చూసుకుంటూ నిలబడ్డాను. ఐదో ఎడిషన్‌లో సామాన్య బలం, అంటే 10 ఉన్నవాడు 150 పౌండ్లు, అంటే 68 కిలోలు మోస్తూ మామూలు వేగంతోనే నడుస్తాడు. రెండు నిండు సిలిండర్లన్నమాట! దీన్ని సరిచేసే ఐచ్ఛిక రూల్ 2014 పుస్తకంలో ఉంది కానీ, దాన్ని వాడే గుంపును నేను చూడలేదు. గర్ప్స్‌లో అదే బలానికి ఒక్క సిలిండర్ మోసినా నడక ఐదింట రెండు వంతులకు పడిపోతుంది, దెబ్బ తప్పించుకోవడమూ కష్టమవుతుంది. ఆ మెట్ల మీద నా ఒళ్లు చెప్పిందీ అదే.

అయితే గర్ప్స్ దీనికి కాలం రూపంలో ధర వసూలు చేస్తుంది. ఒక్కో టర్న్ ఒక్క సెకను. కొట్టేవాడు రోల్ వేస్తాడు, తగిలితే ఎదుటివాడు తప్పుకోవడానికి వేస్తాడు, అదీ పోతే దెబ్బకు మరో రోల్. మేం గర్ప్స్‌లో ఆడిన మొదటి యుద్ధం కథలో 12 సెకన్లు. బల్ల మీద రెండు గంటలు పట్టింది, మధ్యలో తెప్పించుకున్న బిర్యానీ చల్లారిపోయింది. డీ అండ్ డీలో ఆరు సెకన్ల రౌండ్లు ఐదు ఆడినా ముప్పావు గంటలో తేలిపోతుంది. ఆఫీసు అలసటతో వచ్చినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

కానీ ఆ రెండు గంటల్లో జరిగింది చెప్పాలి. మా గుంటూరు అక్క ఆడే విలుకాడికి కాల్లో బాణం దిగింది, ఆరు పాయింట్లు. అతని హెచ్‌పీ 11. సగానికి మించి తగిలితే ఆ కాలు పనిచేయదు కాబట్టి అక్కడే కూలబడ్డాడు. యుద్ధం ముగిశాక రోల్ వేస్తే అదృష్టం బాగుంది, గాయం పూర్తిగా మానేవరకే కుంటుతాడు. ఓడిపోయుంటే నెలల తరబడి కుంటేవాడు. విశ్రాంతి తీసుకున్న రోజుకొక రోల్, గెలిస్తే ఒక్క పాయింటు. ఆరు పాయింట్లు నిండడానికి సగటున పది రోజులు. ఆ పది రోజులు ఏ ఊళ్లో తలదాచుకోవాలి, ఎవరికి డబ్బివ్వాలి, పాళెగాడి మనుషులు వెతుక్కుంటూ వస్తే ఎలా? అప్పటిదాకా కథ గురించి పట్టించుకోనివాళ్లు కూడా ఊరి మ్యాప్ ముందుకు లాక్కున్నారు.

నాకు కావాల్సిన నిజం ఇదే. కత్తి ఏ కోణంలో దిగిందన్న వివరం కాదు, దిగిన తర్వాత మిగిలే బాధ. రూల్ పుస్తకం తెరవనివాడు కూడా "ఇలా చేస్తే ఇలా అవుతుంది" అని లోకజ్ఞానంతో ఊహించగలగాలి, రూల్ ఆ ఊహను నిలబెట్టాలి.

డీ అండ్ డీనే వాడుతూ దాన్ని కఠినం చేయొచ్చు కదా అని కొందరంటారు. 2014 డీఎం గైడ్‌లో ఆ ఐచ్ఛిక రూల్ కూడా ఉంది: చిన్న విశ్రాంతి ఎనిమిది గంటలు, పెద్దది ఏడు రోజులు. మేం రెండు నెలలు ఆడి చూశాం. గాయాలకు బరువొచ్చిన మాట నిజమే. కానీ మంత్రాలు తిరిగొచ్చేదీ ఆ విశ్రాంతితోనే కాబట్టి మా మంత్రగాడు వారానికోసారి మాత్రమే పనికొచ్చాడు, ఫైటర్ కత్తి మాత్రం రోజూ ఆడింది. ఒక చోట నట్టు బిగిస్తే మరో చోట వదులైంది.

1978 నాటి మరో ఆట రూన్‌క్వెస్ట్ గురించి రెండు మాటలు. దాన్ని రాసినవాళ్లలో ముఖ్యుడైన స్టీవ్ పెరిన్ బెత్తపు కత్తులతో నిజంగా తలపడిన మనిషి. అందుకే దెబ్బ చేతికా తలకా అన్నది అక్కడ పాచిక తేలుస్తుంది. మన కర్రసాము తెలిసినవాళ్లకు అది వెంటనే నచ్చుతుంది. డన్జన్ వరల్డ్ లాంటి ఆటలు దీనికి పూర్తిగా భిన్నం. రెండు పాచికలు వేస్తే 10 లేదా అంతకు మించి వస్తే గెలుపు, 7 నుంచి 9 అయితే గెలుపుతో పాటు ఏదో నష్టం. మిగతాదంతా మాటల్లోనే తేల్చుకోవాలి. ఆట నడిపే జీఎం అనుభవజ్ఞుడైతే అద్భుతంగా నడుస్తుంది, కొత్తవాడికి మాత్రం ఇవ్వను.

కొత్తగా నలుగురిని కూర్చోబెడుతుంటే, డ్రాగన్ మీదికి ఉరికే వీరులు కావాలంటే, డీ అండ్ డీ మేలు. మొదటి ఆదివారమే నవ్వులు, కేకలు వస్తాయి. మా కోట కథలాంటి దానికి, మనుషులు మనుషుల్లా భయపడాల్సిన చోట, నా ఓటు గర్ప్స్‌కే. కాకపోతే ప్రాథమిక పోరాట రూల్స్, గాయాలు, బరువు ఉంచుకుని మిగతా ఐచ్ఛిక పుటలు మూసేయండి. మేం అలా కత్తిరించాక మూడో యుద్ధం యాభై నిమిషాల్లో ముగిసింది.

విలుకాడికి ఇంకా నాలుగు పాయింట్లు నిండాలి. గుర్రం కొందామని తమ్ముడు, ఊళ్లోనే ఆగుదామని అక్క. వచ్చే ఆదివారం తేలాలి.