పాత కంప్యూటర్‌కి వెడల్పు మానిటర్: జీటీ 710 కార్డు సరిపోతుందా?

విజయనగరంలో డీటీపీ సెంటర్లలో హెచ్61 మదర్‌బోర్డు, ఐ3 ప్రాసెసర్ ఉన్న సిస్టమ్‌లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు చేసుకోవడానికి వాటికేం లోటు లేదు. చిక్కంతా 29 అంగుళాల వెడల్పు మానిటర్ తెచ్చి తగిలించినప్పుడే. దాని అసలు రిజల్యూషన్ (తెర మీది చుక్కల లెక్క) 2560×1080. ఆ బోర్డు మీదున్న హెచ్‌డీఎంఐ పోర్టు 1920×1200 దాటదు. దాంతో అక్షరాలు అడ్డంగా సాగి, సున్నా కోడిగుడ్డులా కనిపిస్తుంది. మానిటర్ బాగోలేదని వెనక్కి ఇచ్చేయకండి, లోపం దానిది కాదు.

ఇలాంటి సిస్టమ్‌కి ఎన్విడియా జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. 2016లో వచ్చిన కార్డు. 19 వాట్లే తింటుంది కాబట్టి ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటిచ్చే పెట్టె) మార్చక్కర్లేదు, విడిగా పవర్ వైరు ఇవ్వక్కర్లేదు. హెచ్‌డీఎంఐలో 2560×1080 పూర్తిగా 60 హెర్ట్జ్‌తో వస్తుంది. రెండు ఏ4 పేజీలు పక్కపక్కన పెట్టుకుని హాయిగా ప్రూఫ్ చూసుకోవచ్చు. కార్డు మెమరీ 1 జీబీయా, 2 జీబీయా అన్నది ఈ పనికి లెక్కలోకి రాదు. గేములకు మాత్రం ఇది పనికిరాదు.

మానిటర్ 3440×1440ది అయితే 710 వద్దు. హెచ్‌డీఎంఐ 2.0 ఉన్న జీటీ 1030 తీసుకోండి, అదీ 30 వాట్లే. అందులో జీడీడీఆర్5 మెమరీ రకమే అడగండి, డీడీఆర్4ది బాగా నెమ్మది. జీటీ 730 అంటే ఇంకా జాగ్రత్త. ఆ ఒక్క పేరు మీదే మూడు రకాలొచ్చాయి. 96 కోర్లది పాత ఫెర్మీ తరం చిప్పు, దానికి కొత్త డ్రైవర్లు 2018లోనే ఆగిపోయాయి.

బిగించే ముందు ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుమును ఓసారి ముట్టుకుని, పొడవాటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో క్లిప్పు టక్కుమనే దాకా కార్డును నొక్కి, స్క్రూ వేయండి. కేబుల్ కొత్త కార్డుకే పెట్టాలి. అలవాటుగా పాత పోర్టుకే పెట్టి బొమ్మ రాలేదనుకునేవాళ్లు చాలామంది.

కేబుల్ సరిగ్గానే ఉన్నా బొమ్మ రాకపోతే వెంటనే కార్డును తిట్టకండి. ఏళ్ల తరబడి తెరవని క్యాబినెట్‌లో చెయ్యి పెడితే ర్యామ్ కదులుతుంది. మన కోస్తా తేమకు దాని అంచున బంగారు రంగు పట్టీలు నల్లబడి ఉంటాయి. మళ్లీ ప్లగ్ పీకి, ర్యామ్ తీసి, పెన్సిల్ రబ్బరుతో రెండు వైపులా మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి మళ్లీ బిగించండి. చాలాసార్లు అక్కడితోనే తీరిపోతుంది. తీరకపోతే కార్డు తీసేసి, పాత పోర్టుతో ఆన్ చేసి, బయాస్‌లో (సిస్టమ్ మూల సెట్టింగుల్లో) మొదటి డిస్‌ప్లేగా పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎంచుకుని, ఆపి, కార్డు మళ్లీ బిగించండి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ మారిపోతోందంటే బోర్డు మీదున్న సీఆర్2032 బటన్ సెల్ అయిపోయినట్టే. అది మార్చకపోతే ఈ సెట్టింగ్ కూడా నిలవదు. 1030తో కొన్ని పాత బోర్డులు బయాస్ అప్‌డేట్ చేసేదాకా మొరాయిస్తాయి.

బొమ్మ వచ్చాక చుట్టూ నల్లటి అంచులుంటే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో డెస్క్‌టాప్ సైజు సరిచేయండి. నలుపు బూడిద రంగులో కనిపిస్తే అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్‌ను ఫుల్‌కి మార్చండి. శుభలేఖల రంగులు చూసేవాళ్లకి ఇది తప్పనిసరి.

710 విషయంలో మాకు నచ్చనివి రెండు. ఒకటి, 2024 సెప్టెంబరుతో దీనికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. రెండోది, ఫ్యాన్ లేని మోడల్ చప్పుడు చేయదు గానీ, టేబుల్ కింద మూసిన అరలో ఎండాకాలం బాగా వేడెక్కుతుంది. అరకి వెనక చెక్క తీసేయండి, లేదా ఫ్యాన్ ఉన్నదే కొనండి.

ఊళ్లో కొన్నా, విశాఖ నుంచి తెప్పించినా, మీది సన్న క్యాబినెట్ అయితే డబ్బాలో పొట్టి బ్రాకెట్ (కార్డును క్యాబినెట్‌కి బిగించే ఇనుప పట్టీ) ఉందో లేదో చూసి మరీ డబ్బులివ్వండి. పొడుగు బ్రాకెట్‌తో ఆ కార్డు లోపల పట్టదు.